కుడికాలి లెక్క

రోజు విడిచి రోజు, పొద్దున ఎనిమిదిన్నరకు
నా స్కూటీ పోచమ్మమైదాన్ దాటి కొత్తవాడ గల్లీలకు మలుగుతది.
డిక్కీల సెలైన్ సీసా, గాజుగుడ్డ, కత్తెర,
ఒక జత చేతితొడుగులు.
వేముల సారంగం గడపల కూసుండి
కాలు ముందే చాపి పెట్టుకుంటడు,
అప్పు తీర్చేటోని లెక్క.

గుండె బాగున్నదట.
హన్మకొండల పెద్ద డాక్టర్ తెర మీద చూపెట్టి మరీ చెప్పిండట:
మూడు కొత్త దారులు, మూడింట్ల నెత్తురు పారుతున్నది.
రొమ్మెముక ఉక్కు తీగల నడుమ కుదురుకున్నది.
దగ్గొచ్చినప్పుడు దిండు హత్తుకొమ్మంటే
ఈయన చుట్టిన జంపఖానాను హత్తుకుంటడు.
"దిండు మెత్తగుంటది బిడ్డా, నమ్మబుద్ధి కాదు."

మానంది కాలు.
మడమ కాడి నుంచి మోకాలి దాకా నరం తీసిన తొవ్వ.
పైన జానెడు అతుక్కున్నది,
కింద రెండు వేళ్ల మేర నోరు తెరుచుకునే ఉన్నది
అరవై మూడో రోజు కూడా.

షుగరు పద్నాలుగేండ్ల కింద వచ్చింది ఈ ఇంటికి.
చుట్టం తీరు వచ్చి
ఇంటి మనిషి తీరు ఉండిపోయింది.
ముందు కాలివేళ్ల చురుకు తిన్నది,
తర్వాత కండ్ల చూపు అంచులు,
ఆఖరికి నొప్పినే తిన్నది.
గుండె ఆగబోయిన పొద్దు
ఈయనకు రొమ్ముల మంట లేదు, ఎడమ చెయ్యి గుంజలేదు.
చెమటలు పట్టినయి. మే నెల గదా అనుకున్నడు.
ఇంకో రెండు గజాలు నేసి లేచిండు.
ఆ రెండు గజాలు ఇప్పుడు ఎవరింట్లనో పరిచి ఉన్నయి,
పెండ్లికొచ్చినోళ్లు వాటి మీద కూసుని అన్నం తింటున్నరు.

నేను గాయంల తడి గుడ్డ కుక్కుతుంటే
ఆయన మొహం కదలదు.
పండ్లు బిగవట్టేది నేనే.
"నొస్తుందా?" అని అలవాటు కొద్ది అడుగుత.
"నొస్తే మంచిగుండేది" అంటడు.

డాక్టర్ చెప్పిన లెక్క ఆయనకు యాదికున్నది:
షుగరున్నోళ్లు నూరు మంది ఈ ఆపరేషన్ చేయించుకుంటే
ఇంతమందికి పుండు మానుడు లేటు,
ఇంతమంది మళ్ల ఆస్పత్రికి వస్తరు,
ఇంతమంది...
ఆడ డాక్టర్ ఫోన్ చూసుకున్నడట.

"నూరు పోగులల్ల ఏ పోగు తెగుతదో
పడుగు పోసినోనికి తెలుస్తదా బిడ్డా?
తెగినంక తెలుస్తది. తెగిందాన్ని అతుకుతం.
మగ్గానికి నూరు తోని పనేంది."
జర సేపు ఊకున్నడు.
"నేను ఏ ఇంతమందిలనో అడగకపోతి" అన్నడు.

లోపల ఉప్పలమ్మ పుస్తకంల రాస్తది,
ఒకప్పుడు నూలు కట్టలు, కూలి బాకీలు రాసిన పుస్తకం:
పరిగడుపున నూట తొంభై. తిన్నంక రెండొందల నలభై.
నిన్న రాత్రి మనవరాలి పుట్టినరోజు కేకు ముక్క
పుస్తకంల ఎక్కలేదు.
వేలికొన మీది నెత్తురు చుక్కల ఎక్కింది.

గుంత మగ్గంల రెండు నెలల దుమ్ము.
సగం నేసిన ఎర్ర అంచు అట్లనే ఆగి ఉన్నది.
నలభై ఏండ్లు తొక్కుడుపలకను తొక్కింది ఈ కుడికాలే.
గుండెకు నరమిచ్చింది కూడా ఇదే.
"దీనికి ఎవరేమిచ్చిన్రు?" అని ఒక్కనాడే అడిగిండు.
నా దగ్గర గాజుగుడ్డ తప్ప ఏం లేకుండె.

ఇయ్యాల పట్టీ విప్పితే
గాయం అడుగున ఎర్రటి గింజలు,
దానిమ్మ ఒలిచినట్టు, కొత్త కండ.
చెప్పిన. ఆయన గాయం దిక్కు చూడలేదు,
మగ్గం దిక్కు చూసిండు.
అంచుకు అంటిన టేపును నేను గుంజిన.
కాలు వెనక్కి జరిగింది.
ఎంతో కాదు, వెంట్రుక మందం.
"అబ్బా" అన్నడు.

ముగ్గురం ఒకలనొకలం చూసుకున్నం.
ఉప్పలమ్మ పెన్ను పట్టుకొని గడపల నిలబడ్డది.
"ఇది ఏ గడిల రాయాలె?" అన్నది.